లా పాసయ్యాను, ఎన్‌రోల్ అయ్యాను. ఈ మూడేళ్ళు ఎలా గడపాలి?

మొదటితరం_వకీలు
మా నాన్న తాపీమేస్త్రీ దగ్గర కూలికి పోతాడు. అమ్మ బీడీలు చుడుతుంది. మా వాడలో లా చదివింది నేనొక్కదాన్నే. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ళ కోర్సులో చేరాను. బార్ కౌన్సిల్‌లో వకీలుగా ఎన్‌రోల్ అయ్యి పదహారు నెలలు. ఎన్‌రోల్ అయిన ఐదు నెలలకు బార్ ఎగ్జామ్ కూడా పాసయ్యాను. అప్పటి నుంచీ ఒక సీనియర్ గారి ఆఫీసులో జూనియర్‌గా ఉన్నాను.

నెలకు రెండు వేలు ఇస్తారు. అది కూడా ప్రతి నెలా కాదు. ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీ కాబట్టి ఛార్జీల బాధ తప్పింది కానీ, హాస్టల్ డబ్బులు ఇప్పటికీ అమ్మే పంపుతోంది. నల్లకోటు వేసుకుని వెళ్తూ బీడీల డబ్బుతో తింటున్నాను. ఇది రాస్తుంటేనే ఏడుపొస్తోంది.

నేను అనుకున్నది వేరు. లా అవ్వగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాద్దామనుకున్నా. 2025 మే 20న సుప్రీంకోర్టు కనీసం మూడేళ్ళ ప్రాక్టీసు ఉండాలని చెప్పింది. ఇంట్లో వాళ్ళకు అది అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను. మొన్న నాన్న ఫోన్ చేసి, "నల్లకోటు ఏసుకుంటున్నవు గద బిడ్డా, జీతం ఎంతిస్తున్రు?" అని అడిగిండు. ఏం చెప్పాలో తెలియక సిగ్నల్ లేదని పెట్టేశాను.

డబ్బు ఒక్కటే కాదు. ఆఫీసులో ముగ్గురం జూనియర్లం. చేరిన రోజే ఇంటిపేరు, ఊరు, మీవాళ్ళేం చేస్తారని అడిగారు. నా తర్వాత చేరిన అబ్బాయి, సార్ స్నేహితుడి కొడుకు, మూడో నెలలోనే అవతలి సాక్షిని ప్రశ్నలడిగి క్రాస్ చేశాడు. నేను ఇంకా కోర్టు కాగితాల సర్టిఫైడ్ కాపీలకు అప్లికేషన్లు రాస్తున్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లో కాంట్రాక్టులు చదివి పెట్టే ఉద్యోగం ఒకటి వచ్చేలా ఉంది. 22,000. వదిలేసి వెళ్ళిపోవాలా? వెనక ఎవరూ లేకుండా వచ్చినవాళ్ళు ఈ మూడేళ్ళు ఎలా దాటారో చెప్పండి.

సివిల్_క్రిమినల్
రెండు వేలైనా ఇస్తున్నారు. మా రోజుల్లో జీతం అన్న మాటే లేదు. పొద్దున్నే సీనియర్ గారి ఇంటికి వెళ్ళి ఫైళ్ళు సర్దేవాళ్ళం, రాత్రి తొమ్మిదికి ఇంటికి చేరేవాళ్ళం. మొదటి ఐదేళ్ళు నేర్చుకోవడానికే. అందరం ఇలాగే వచ్చాం. ఓపిక పట్టండి.

గుమాస్తా_కొడుకు
అందరం ఇలాగే వచ్చాం అనకండి సార్. ఓపిక పట్టాలంటే ఇంట్లో బియ్యం ఉండాలి.

మా నాన్న ఒక వకీలు గారి దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశారు. మాకూ ఆస్తుల్లేవు. అయినా నేను ఈ అమ్మాయి కంటే ఎంత ముందున్నానో చూడండి. కోర్టులో మొదటి రోజే బెంచ్ క్లర్క్ నన్ను "ఏం బాబూ, వచ్చావా" అని పలకరించారు. ఏ ఫైలు ఏ సెక్షన్‌లో ఉంటుందో, ఆ రోజు కేసుల జాబితా కాజ్‌లిస్ట్‌లో మన నంబరు ఎన్ని గంటలకు వస్తుందో, సార్ ఇంకో కోర్టులో ఉంటే ఎలా లేచి పాస్ ఓవర్, అంటే మన కేసు కాసేపాగి పిలవమని, అడగాలో నాకు లా చదవకముందే తెలుసు. సెలవుల్లో నాన్న వెంట వెళ్ళి చూసేవాణ్ణి. ఆమె ఇవన్నీ ఒక్కొక్కటీ తప్పు చేసి, నలుగురి ముందూ మాట పడి నేర్చుకోవాలి. గుమాస్తా కొడుక్కే ఇంత తేడా ఉంటే, వకీలు కొడుక్కి, జడ్జి గారి మేనల్లుడికి ఎంత ఉంటుంది?

వాయిదా_అనంతం
పాస్ ఓవర్ అడగడం నాకు రెండేళ్ళు పట్టింది. మొదటిసారి లేచి "సార్, ఓవర్" అన్నాను. జడ్జి గారు నవ్వి "ఇంకా మొదలవలేదమ్మా" అన్నారు. భయపడకండి, అందరికీ అవుతాయి.

హైకోర్టు_గ్యాలరీ
@సివిల్_క్రిమినల్ "మా రోజుల్లో లేదు" అన్నది ఇప్పుడు చెల్లదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియానే సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 స్టైఫండ్ ఇవ్వాలని అందులో ఉంది. తప్పనిసరి కాదు, సిఫారసు మాత్రమే, అందుకే ఎవరూ పట్టించుకోవడం లేదు. కానీ ఆకలితో నేర్చుకోవడం వృత్తి ధర్మమేమీ కాదని వృత్తి సంఘమే ఒప్పుకున్నట్టు అయింది.

ఇంటిపేరు అడిగారన్నారు కదా, దాని మీద ఒక లెక్క. 2018 నుంచి 2023 జులై వరకు హైకోర్టుల్లో నియమితులైన 604 మంది జడ్జీల వివరాలు కేంద్ర న్యాయశాఖ పార్లమెంటుకు ఇచ్చింది. జనరల్ కేటగిరీ 458. ఓబీసీలు 72. మైనారిటీలు 34. ఎస్సీలు 18. ఎస్టీలు 9. మిగతా 13 మంది వివరాలు లేవు. దేశమంతటికీ, ఐదేళ్ళకు పైగా, తొమ్మిది మంది ఎస్టీలు. హైకోర్టు జడ్జీలు ఎక్కువగా వకీళ్ళలోంచే వస్తారు. అక్కడ కనిపించే కొరత ఇక్కడ, జూనియర్ కుర్చీ దగ్గర మొదలవుతోంది.

లెక్కల_మాస్టారు
నేను వకీలును కాదు, మా అబ్బాయి లా రెండో సంవత్సరం. అమ్మాయి బాధ అర్థమైంది. కానీ మూడేళ్ళ నిబంధన మంచిదేనని నా అభిప్రాయం. కోర్టులో ఒక్కరోజు కూడా నిలబడని ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు జడ్జి కుర్చీలో కూర్చుని ఒకరి ఇల్లు ఎవరిదో తేల్చడం సబబేనా? ఆ తీర్పు ఇచ్చిన బెంచికి నాయకత్వం వహించింది జస్టిస్ గవాయ్ గారు. ఆయన స్వయంగా దళిత కుటుంబం నుంచి వచ్చినవారే.

గుమాస్తా_కొడుకు
@లెక్కల_మాస్టారు నిబంధనను నేనూ తప్పనడం లేదు మాస్టారూ. అనుభవం కావాలి. ఆ అనుభవానికి డబ్బు ఎవరు కడుతున్నారన్నదే ప్రశ్న. మీ అబ్బాయికి ఆ మూడేళ్ళు మీరు కడతారు. ఈ అమ్మాయికి వాళ్ళమ్మ బీడీలు చుట్టి కడుతోంది. డాక్టర్లకు హౌస్ సర్జన్సీలో స్టైఫండ్ ఇస్తారు కదా. ప్రాక్టీసు తప్పనిసరి చేసినప్పుడు, ఆ కాలానికి తిండి సంగతీ చూడాలి.

లెక్కల_మాస్టారు
ఈ మాట నేను ఆలోచించలేదు. హౌస్ సర్జన్ల పోలిక సరిగ్గా ఉంది.

హైకోర్టు_గ్యాలరీ
ఈ నిబంధన కొత్తది కాదు. 1993లో సుప్రీంకోర్టే పెట్టింది. ప్రతిభ ఉన్న యువత రావడం లేదని, జడ్జీల జీతభత్యాల మీద వేసిన శెట్టి కమిషన్ చెబితే 2002లో తీసేసింది. 2025లో మళ్ళీ తెచ్చింది. తీసేసినప్పుడూ తెచ్చినప్పుడూ వెనక ఎవరూ లేని పిల్లల సంగతి పక్కకే పోయింది.

ఏజెన్సీ_పిల్లోడు
నేను ఫైనలియర్. మాది విశాఖ మన్యం, ఇప్పుడు అల్లూరి జిల్లా. ఈ చర్చ చదువుతుంటే గుండె దడదడలాడుతోంది. వచ్చే ఏడాది ఇదే నా బతుకు.

నేను లా చదవడానికి కారణం మా మావయ్య భూమి కేసు. ఏజెన్సీలో గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోకూడదని 1 ఆఫ్ 70 చట్టం ఉంది. అయినా మా వైపు ఆ చట్టం కింద వచ్చే ఎల్‌టీఆర్ (భూ బదలాయింపు) కేసుల్లో మా తరఫున నిలబడేవాళ్ళు దొరకరు. మావయ్య ప్రతి వాయిదాకూ కొండ దిగి వెళ్ళేవాడు. వకీలు గారు ఆయనతో ఒక్కసారి కూడా మా భాషలో మాట్లాడలేదు, మాట్లాడలేరు కూడా. ఏం జరుగుతోందని అడిగితే "నీకెందుకు, సంతకం పెట్టు" అనేవారట. మావయ్య వేలిముద్ర వేసి వచ్చేసేవాడు.

సమత కేసు కూడా మా అనంతగిరి మండలం గనుల లీజుల మీద వచ్చిందే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997లో తీర్పు వచ్చింది. అది రాసిన జస్టిస్ కె.రామస్వామి గారు మన తెలుగువారు, దళిత కుటుంబం నుంచి వచ్చినవారు. మా లెక్చరర్ ఈ విషయం చెప్పిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా ప్రశ్న చిన్నది. ఎన్‌రోల్‌మెంట్‌కు ఎంతవుతుంది? ఒకరు ఇరవై వేలంటారు, ఒకరు నలభై అంటారు. మా ఇంట్లో అంత లేదు.

హైకోర్టు_గ్యాలరీ
@ఏజెన్సీ_పిల్లోడు ఆ భయం వదిలెయ్ తమ్ముడూ. 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చేసింది. 1961 అడ్వకేట్స్ చట్టంలో రాసిన ఫీజు కంటే పైసా ఎక్కువ వసూలు చేయకూడదు. జనరల్ వాళ్ళకు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150, మొత్తం 750. ఎస్సీ ఎస్టీలకు 100, 25, అంటే 125 రూపాయలు. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. బార్ ఎగ్జామ్ ఫీజు కూడా వేరు.

ఏజెన్సీ_పిల్లోడు
నూట ఇరవై ఐదా? అన్నా, నిజంగానా?

నల్లకోటు_2009
నిజమే నాన్నా. నేను ఎన్‌రోల్ అయినప్పుడు వేలల్లో కట్టాను. మా అక్క పుస్తెలతాడు కుదువపెట్టింది. ఆ తీర్పు పాతవాళ్ళకు డబ్బు వెనక్కి ఇవ్వమనలేదు. ఫరవాలేదు, మీకైనా తప్పింది.

@మొదటితరం_వకీలు అమ్మా, నీ పోస్టు మధ్యాహ్నం బార్ హాల్లో కూర్చుని చదివాను. మా అక్కకు ఫోన్ చేసి వచ్చి రాస్తున్నాను. నాకు ఈ వృత్తిలో పదహారేళ్ళు. చిన్న టౌను. మా ఇంట్లో నేనే మొదటివాణ్ణి.

ముందు నీ లెక్క సరిచేస్తాను. నువ్వు బార్ ఎగ్జామ్ పాసైన రోజు నుంచి ప్రాక్టీసు లెక్కేసుకుంటున్నట్టున్నావు. అలా కాదు. బార్ ఎగ్జామ్‌కు ముందు ఇచ్చే ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క అని ఆ తీర్పులోనే ఉంది. అంటే నీకు పదకొండు కాదు, పదహారు నెలలు అయ్యాయి. మిగిలింది ఇరవై నెలలు.

రెండోది, సీనియర్‌తో పడకపోతే ప్రాక్టీసు చేసినట్టు సర్టిఫికెట్ ఇవ్వరేమోనని చాలామంది నోరు మూసుకుని ఉంటారు. ఆ సర్టిఫికెట్ నీ సీనియరే ఇవ్వాలని లేదు. అక్కడి ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ ఇవ్వవచ్చు. లేదా అదే కోర్టులో పదేళ్ళ సీనియారిటీ ఉన్న ఏ అడ్వకేట్ అయినా ఇస్తే ఆ ఆఫీసర్ ధ్రువీకరిస్తారు. కాబట్టి భయంతో ఒకే ఆఫీసుకు కట్టుబడకు.

మూడోది, ఆ ఉద్యోగం. చేరాలనుకుంటే చేరు, తప్పు లేదు. కానీ ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగంలో ఉంటూ ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ రూలు చెబుతుంది. చేరితే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపుకోవాలి. ఆ నెలలు నీ మూడేళ్ళలోకి రావు. చాలామంది పిల్లలు ఇది తెలియక రెండూ కలిపి చేసి తర్వాత చిక్కుల్లో పడతారు.

మరి తిండి? 51వ రూలు చదువు. న్యాయ పరీక్షలకు పాఠాలు చెప్పుకోవచ్చు, లా పుస్తకాలు ఎడిట్ చేయవచ్చు, ప్రశ్నపత్రాలు తయారు చేయవచ్చు, దానికి డబ్బు తీసుకోవచ్చు. నేను నాలుగేళ్ళు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు లాసెట్ పిల్లలకు పాఠాలు చెప్పాను. నా గది అద్దె దాంతోనే కట్టాను. పైగా కాంట్రాక్ట్ చట్టం నాకు నిజంగా అర్థమైంది అక్కడే.

ఇక పని దగ్గర మాట. సర్టిఫైడ్ కాపీ అప్లికేషన్లు రాయిస్తున్నారని బాధపడుతున్నావు. రాయిస్తున్నారు కాబట్టి రికార్డు మొత్తం నీ చేతిలోంచే పోతోంది. కాపీ వచ్చిన రోజు ఫైల్లో పెట్టేసే ముందు ఒక్క అరగంట కూర్చుని చదువు. ప్లెయింట్ (దావా), రిటన్ స్టేట్‌మెంట్ (అవతలివాళ్ళ జవాబు), ఇష్యూలు (తేల్చాల్సిన అంశాలు), చీఫ్ (సాక్షి మొదట చెప్పేది), క్రాస్, జడ్జిమెంట్, ఈ వరసలో. ఒక నోట్‌బుక్‌లో ఎడమవైపు సాక్షి చీఫ్‌లో ఏమన్నాడో, కుడివైపు క్రాస్‌లో ఏం ఒప్పుకున్నాడో రాసుకో. నేను అలా నలభై దావాలు రాసుకున్నాక మా సీనియర్ గారికి జ్వరం వచ్చింది. ఆ రోజు సాక్షి వచ్చాడు, వాయిదా ఇవ్వనన్నారు జడ్జి గారు. లేచాను. కాళ్ళు వణికాయి, మెడకు కట్టే తెల్ల బ్యాండ్ వంకరగా ఉందని పక్కనున్నాయన సరిచేశారు. పదకొండు ప్రశ్నలు అడిగాను. అందులో రెండు పనికొచ్చాయి.

ఇంకోటి, కొత్త చట్టాలు. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షల చట్టం ఐపీసీ పోయి బీఎన్ఎస్ వచ్చింది, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది. మాలాంటి వాళ్ళకు ఏళ్ళ తరబడి నోటికి వచ్చిన నంబర్లు ఒక్క రాత్రిలో మారిపోయాయి. మెయింటెనెన్స్ (భరణం) అంటే నా నోటికి ఇప్పటికీ 125 అనే వస్తుంది, 144 రాదు. నువ్వు ఆ రెండు నంబర్ల పట్టిక చేత పట్టుకుని కోర్టు హాల్లో కూర్చో. నెల తిరిగేలోపు పెద్ద పెద్ద సీనియర్లు నీ వైపు వంగి "అమ్మా, ఇది ఇప్పుడెంత?" అని అడుగుతారు. అందరం ఒకే మెట్టు మీద నిలబడే అవకాశం ఈ వృత్తిలో మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు.

వాయిదా_అనంతం
144 సంగతి నిజం. మా ఆఫీసులో పాత 144 అంటే నలుగురు గుమిగూడకూడదని, కొత్త 144 అంటే భార్యకు మెయింటెనెన్స్. ఒక క్లయింట్ "మా ఇంట్లో నూట నలభై నాలుగు పెట్టారు" అంటే ఏ చట్టమో అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

కార్పొరేట్_లాయరమ్మ
నేను వేరే వైపు నుంచి చెబుతాను. ఉద్యోగం తీసుకో అంటాను. ఆకలితో ఉన్నవాళ్ళను సేవ చేయమనడం న్యాయం కాదు. నేను నేషనల్ లా యూనివర్సిటీలో చదివాను. మా బ్యాచ్‌లో ఊరి నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అక్కడ సీటుకు రాసే క్లాట్ పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, కోచింగ్ ఖరీదు, ఫీజులు లక్షల్లో. ఆ పరిస్థితి చూసే 2010లో ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ ఐడియా అనే సంస్థ పెట్టారు. పేద, గ్రామీణ, వికలాంగ పిల్లలను వెతికి క్లాట్‌కు తయారు చేసి, చేరాక కూడా చేయి వదలరు. 2019లో ఆయన పోయారు, సంస్థ నడుస్తోంది. నేను అక్కడ వాలంటీర్‌గా ఇద్దరు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాను. ఇద్దరూ సీట్లు తెచ్చుకున్నారు.

ఒక ఏడాది ఉద్యోగం చేసి డబ్బు దాచుకుని మళ్ళీ రావచ్చు కదా?

గుమాస్తా_కొడుకు
@కార్పొరేట్_లాయరమ్మ మీరు ఆ పిల్లలకు చేసింది మంచి పని. కానీ ఏడాది వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు మేడమ్. తమ్ముడి ఫీజు, ఇంటి పైకప్పు, అక్క పెళ్ళి అన్నీ ఆ జీతం చుట్టూ అల్లుకుంటాయి. మా బ్యాచ్‌లో ముగ్గురు అలాగే వెళ్ళారు. బాగున్నారు, కానీ కోర్టులో లేరు.

కార్పొరేట్_లాయరమ్మ
బాగుండటం తక్కువ విషయమా? కోర్టులో ఉండాల్సిన బాధ్యత పేదింటి పిల్లల మీదే ఎందుకు పెడతాం? మా క్లాసులో పెద్దింటి పిల్లలు ఉద్యోగాలకు వెళ్తే ఎవరూ ఏమీ అడగలేదు.

నల్లకోటు_2009
ఆమె మాటలో న్యాయం ఉంది. వెళ్తే తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు. ఉండాలనుకుంటే దారులు చెబుదాం, అంతే.

చెవితో_చదువుతా
నాకు చూపు లేదు. లా రెండో సంవత్సరం. ఫోన్ చదివి వినిపిస్తుంది, నేను రాస్తాను. తప్పులుంటే క్షమించండి.

చూపు లేనివాళ్ళు జడ్జి ఉద్యోగానికి పనికిరారని అనకూడదని 2025 మార్చి 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ రోజు మా హాస్టల్లో మిఠాయిలు పంచాం. కానీ మూడేళ్ళ ప్రాక్టీసు నేను చేయాలంటే కాగితం నాకు చదవగలిగేలా ఉండాలి. కోర్టులో స్కాన్ చేసే కాగితాలు ఫోటోల్లా ఉంటాయి. వంకరగా పెట్టి స్కాన్ చేస్తారు, సంతకం మీద స్టాంపు, స్టాంపు మీద పేజీ నంబరు. నా ఫోన్ "ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్" అని చదువుతూ పోతుంది. నలభై పేజీల చార్జిషీటు వినడానికి నాకు ఒక స్నేహితుడి సాయంత్రం మొత్తం కావాలి. వాడికీ పరీక్షలున్నాయి.

సుప్రీంకోర్టు తీర్పులు ఇప్పుడు తెలుగులో కూడా పెడుతున్నారు, అవి బాగా చదువుతుంది. కింది కోర్టు కాగితాలు కూడా టైపు చేసిన ఫైలుగా ఇస్తే చాలు. డబ్బు ఖర్చయ్యే పని కాదు ఇది.

వాయిదా_అనంతం
@చెవితో_చదువుతా నేను మా ఆఫీసులో టైపిస్టును అడుగుతాను. మేం వేసే కాగితాల వర్డ్ ఫైళ్ళు ఎలాగూ మా దగ్గరే ఉంటాయి. అవతలివాళ్ళకు పంపేటప్పుడు అదీ కలిపి పంపడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఇన్నాళ్ళూ ఇది తట్టలేదు.

సివిల్_క్రిమినల్
మొదట నేను రాసింది మళ్ళీ చదివాను. కటువుగా ఉంది. నాకు ఊళ్ళో నాలుగెకరాలు ఉండేవి, బియ్యం ఇంటి నుంచి వచ్చేవి, ఆ మాట చెప్పలేదు. అది లేకపోతే నేనూ ఉండేవాణ్ణి కాదు.

ఒక దారి నేనూ చెబుతాను. పేదలకు ఉచితంగా వకీలును ఇచ్చే లీగల్ సర్వీసెస్ అథారిటీ ప్యానెల్లో చేరాలంటే మూడేళ్ళ ప్రాక్టీసు అడుగుతారు, అందులో ఆమెకు కుదరదు. కానీ 2022 నుంచి నల్సా, అంటే జాతీయ లీగల్ సర్వీసెస్ అథారిటీ, జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ పెట్టింది. చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని మూడు మెట్లు. అసిస్టెంట్‌కు సున్నా నుంచి మూడేళ్ళ అనుభవం చాలు. నెలనెలా డబ్బు వస్తుంది, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. వకీలును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున క్రిమినల్ కేసులు చేయాలి. బెయిల్, రిమాండ్, ట్రయల్ అన్నీ చేతికి వస్తాయి. ఖాళీ పడినప్పుడు జిల్లా కోర్టు నోటీసు బోర్డులో, వెబ్‌సైట్‌లో పెడతారు. వారానికొకసారి చూస్తూ ఉండమ్మా.

గుమాస్తా_కొడుకు
@సివిల్_క్రిమినల్ నాలుగెకరాల మాట చెప్పినందుకు థాంక్స్ సార్. చాలామంది చెప్పరు.

ప్రభుత్వ స్కీములు కూడా అడగాలి. ఎస్సీ, బీసీ సంక్షేమ శాఖలు లా గ్రాడ్యుయేట్లకు ప్రభుత్వ ప్లీడర్ల దగ్గర మూడేళ్ళ శిక్షణ ఇస్తాయి. స్టైఫండ్ తక్కువే, కానీ జీపీ ఆఫీసులో కూర్చుంటే ఫైళ్ళకు కొదవ ఉండదు. ఆంధ్రాలో 2019 డిసెంబరులో లా నేస్తం మొదలైంది, జూనియర్లకు మొదటి మూడేళ్ళు నెలకు 5,000 ఇచ్చేవారు. మా కజిన్‌కు ఆరు నెలలది కలిపి 30,000 ఒకేసారి పడింది. వాడు దాంతో మొదట చేసిన పని, పాత లా జర్నల్స్ కొనడం. రెండోది, బూట్లు.

మోడరేటర్_2
ఒక పోస్టులో సీనియర్ అడ్వకేట్ పేరు, కోర్టు పేరు రాశారు. తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

మొదటితరం_వకీలు
అన్నీ రెండుసార్లు చదివాను. నల్లకోటు సార్ చెప్పిన లెక్క చూశాక గోడమీద క్యాలెండర్ తీసుకుని ఇరవై నెలలు గీసుకున్నాను. ఐదు నెలలు ఎవరో చేతిలో పెట్టినట్టుంది.

కార్పొరేట్ మేడమ్, మీరన్నది మనసుకు తాకింది. వెళ్ళినా తప్పు కాదని ఎవరో ఒకరు చెప్పాలి, మీరు చెప్పారు. దాంతోనే ఉండాలనిపిస్తోంది, ఎందుకో రాయలేను.

ఇంటిపేరు సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అదీ అడుగుతున్నాను. ఇంకోసారి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

నల్లకోటు_2009
తల్లీ, నన్నూ అడిగారు. మొదట్లో ఊరి పేరు చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు నేరుగా చెప్పేస్తాను, చెప్పి ఫైలు తెరుస్తాను. కానీ అది పదహారేళ్ళ తర్వాతి ధైర్యం. నీకు ఈ రోజే అంత ఉండాలని నేననను. నిన్ను అడిగినాయనదే తప్పు. నీ జవాబులో తప్పేమీ లేదు, ఏం చెప్పినా.

ఒకటి మాత్రం చెయ్యి. ఆ కోర్టులో మనలా వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తప్పకుండా ఉంటారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చునేవాళ్ళను చూడు. వెళ్ళి పక్కన కూర్చో. మేం నలుగురం అలాగే కలిశాం. ఒకే గది అద్దెకు తీసుకుని, ఒకే టేబుల్, ఒకే టైపు మిషన్. నలుగురిలో ఒకరు ఇప్పుడు ఏపీపీ (ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే వకీలు), ఒకరు జడ్జి.

ఏజెన్సీ_పిల్లోడు
నాలుగోవారు?

నల్లకోటు_2009
రెండో ఏడాదిలో మానేశాడు. వాళ్ళ నాన్నకు ఆపరేషన్ అయింది. మా అందరికంటే బాగా మాట్లాడేవాడు.

మొదటితరం_వకీలు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. పాత చర్చను పైకి తెచ్చినందుకు ఏమనుకోవద్దు.

లాసెట్ పిల్లలకు సాయంత్రం పాఠాలు మొదలుపెట్టాను. తొమ్మిది మంది. అమ్మకు ఈ నెల డబ్బులు పంపొద్దని చెప్పాను. "మరి ఏం తింటవు?" అని రెండు రోజులు తిట్టింది.

సీనియర్ గారితో మాట్లాడాను. ఒప్పుకుంటారో లేదో అని భయపడుతూనే "సార్, నాకూ ఒక కేసు ఇవ్వండి, నేనే మొదటి నుంచి చూస్తాను" అన్నాను. కాసేపు నా వైపు చూశారు. ఏమీ అనలేదు. మర్నాడు ఒక మెయింటెనెన్స్ ఫైలు టేబుల్ మీద పెట్టి వెళ్ళారు. ఆ పిటిషన్ వేసిన అక్క కూడా బీడీలే చుడుతుంది. భర్త ఆమెకు సంపాదన ఉందని కౌంటర్ వేశాడు. వెయ్యి బీడీలకు కూలి ఎంతొస్తుందో, ఆకు తడిపి కత్తిరించడానికి ఎంతసేపు పడుతుందో, నెలలో ఎన్ని రోజులు పని ఉంటుందో, చెడిపోయాయని ఛాట్‌లో ఎన్ని కట్టలు తీసేస్తారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. క్రాస్ ప్రశ్నలు రాసుకున్నాను, పద్నాలుగు వచ్చాయి. వాయిదా వచ్చే మంగళవారం.

గుమాస్తా_కొడుకు
ఛాట్ గురించి తప్పకుండా అడగండి. చెడిపోయిన బీడీలని తీసేసే లెక్క ఆమె బీడీ కార్డులో రాసి ఉంటే, ఆ కార్డు ముందే సాక్ష్యంగా మార్క్ చేయించుకోండి.

మొదటితరం_వకీలు
కార్డు ఉంది. రేపు తెమ్మన్నాను.

ఏజెన్సీ_పిల్లోడు
అక్కా, మంగళవారం ఏం జరిగిందో రాయండి. మా హాస్టల్లో ఆరుగురం ఎదురుచూస్తాం. ఇంకో మాట, ఎన్‌రోల్‌మెంట్ రోజు కోటు, గౌను సొంతంవే ఉండాలా? ఎవరిదైనా తెచ్చుకోవచ్చా?

మొదటితరం_వకీలు
తెచ్చుకోవచ్చు. నేనూ ఆ రోజు సీనియర్ అక్క గౌను వేసుకునే వెళ్ళాను. కోటు మాత్రం కుట్టించుకో తమ్ముడూ, రోజూ కావాలి. కాలర్ లోపల తెల్లబట్ట వేయమను, చెమటకు రంగు దిగుతుంది.